ఒక్క పోగు పట్టుకుని లియోన్‌లో

(విదేశాల్లో ఒక సెమిస్టరు చదవడానికి ఎంపికైన ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం అనంతపురంలో జరిగిన సమావేశంలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని అక్షరరూపం ఇచ్చాం.)

అందరికీ నమస్కారం.

మీలో కొందరు ఫ్రాన్స్‌కి, కొందరు జర్మనీకి, ఇద్దరు తైవాన్‌కి వెళ్తున్నారని విన్నాను. నిన్న ఒక చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, వీసా సంగతి ఆఫీసులో చెప్పారు, కోర్సుల సంగతి సార్ చెప్పారు, అక్కడ ఏం తినాలి, ఏం చూడాలి అనేది నువ్వు చెప్పు" అంది. చాలా మంచి ప్రశ్న. ఆరు నెలలంటే సుమారు నూట ఎనభై రోజులు. రోజుకి మూడు పూటలు తినాలి. శనివారాలు, ఆదివారాలు మన చేతిలోనే ఉంటాయి. వాటిని ఎలా వాడుకుంటామన్నది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

నేను 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి వరకు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్నాను. మొదటి మూడు వారాలు ఫోన్‌లో జాబితా పెట్టుకుని తిరిగాను. చూడాల్సిన పది చోట్లు, తినాల్సిన పది వంటకాలు. ఒక్కొక్కటి చూసి టిక్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడు వారాలు నాకు సరిగా గుర్తే లేవు. ఫొటోలు చూస్తే, ఓహో ఇక్కడికి కూడా వెళ్లానా అనిపిస్తుంది. నాలుగో వారం నుంచి జరిగింది మాత్రం వాసనలతో సహా గుర్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో చెప్పడానికే వచ్చాను.

నాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. తాత, నాయన నేస్తారు. కండెలు చుట్టేది అమ్మ, అవ్వ. మా వీధిలో పుట్టినవాళ్లకి మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో నాకు అలాగే అయింది, లియోన్‌లో మరీ ఎక్కువైంది. అక్కడ రాత్రి తొమ్మిదికల్లా మా బిల్డింగంతా నిశ్శబ్దం. కిటికీ బయట వాన. చదువు టెన్షన్ ఒకవైపు, భాష రాని టెన్షన్ ఇంకోవైపు. కుక్కర్లో పప్పు పెట్టుకుని, అన్నం వండుకుని, వీడియో కాల్‌లో అమ్మని చూస్తూ తినేదాన్ని. అందులో తప్పేం లేదు. మీరూ చేస్తారు, చేయండి. పప్పన్నం తిన్న రోజు మనసు కుదుటపడుతుంది.

నాలుగో వారం ఆదివారం మా అంతస్తులో ఉండే మొరాకో అమ్మాయి నన్ను క్రువా రూస్ కొండకి తీసుకెళ్లింది. లియోన్‌లో రెండు కొండలున్నాయి. ఒకటి ఫూర్వియేర్. దాని మీద పెద్ద చర్చి ఉంటుంది, రోమన్ల కాలం నాటి రంగస్థలం ఉంటుంది. ఆ ఊరు క్రీస్తు పూర్వం 43లో రోమన్లు కట్టింది. రెండోది క్రువా రూస్. మొదటిదాన్ని ప్రార్థించే కొండ అంటారు, రెండోదాన్ని పని చేసే కొండ అంటారు. ఆ రెండో కొండ మీద, ఒక కూడలిలో, ఒక భవనం గోడ నిండా బొమ్మ వేసి ఉంది. సుమారు 1200 చదరపు మీటర్ల బొమ్మ. మెట్లు, ఇళ్లు, కిటికీలు, మనుషులు, అన్నీ గోడ మీద గీసినవే. దూరం నుంచి నిజం వీధి అనుకున్నాను. 1987లో వేసి, తర్వాత ఊరితో పాటు ఆ బొమ్మనీ మార్చుకుంటూ వచ్చారు. ఆ గోడ పేరు "కనూల గోడ". కనూ అంటే ఏంటని అడిగాను. పట్టు నేసేవాళ్లు అంది.

అక్కడే నిలబడిపోయాను.

పక్కనే కనూల ఇల్లు అనే చిన్న మ్యూజియం ఉంది. మర్నాడు సెలవు కాకపోయినా క్లాసు అయ్యాక పరుగెత్తుకెళ్లాను. లోపల ఒక పెద్దావిడ మగ్గం మీద నేసి చూపిస్తున్నారు. నేను ఆమెను చూడలేదు. పైకి చూశాను. మగ్గం మీద రంధ్రాలు పొడిచిన అట్టలు ఒకదానికొకటి కుట్టి, దండలా వేలాడుతున్నాయి. అవి మా ఇంట్లో అట్టలే. చిన్నప్పుడు వాటి నీడలో ఆడుకున్నాను. ధర్మవరంలో ఏ వీధికెళ్లినా జకార్డు అంటారు. "జకార్డు రిపేరుకొచ్చింది", "జకార్డు అట్టలు కొత్తవి కొట్టించాలి" అని నాయన అంటుంటే, అది మన మాటే అనుకున్నాను. జోసెఫ్ మరీ జకార్ అనే మనిషి 1752లో ఆ ఊళ్లోనే పుట్టాడని, 1804లో ఆ యంత్రాన్ని తయారు చేశాడని, ఆయన పేరే ఏడు సముద్రాలు దాటి మా నాయన నోట్లోకి వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడ కంప్యూటర్ సైన్స్ వాళ్లున్నారు కాబట్టి అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగు కోసం, అంటే అడ్డంగా పోయే పోగు. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దానికి కట్టిన కొక్కెం పైకి లేస్తుంది, దాంతో పడుగు పోగు, అంటే నిలువు పోగు లేస్తుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కి నెట్టబడి, పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగుల కింద నుంచి, పేక పోగుని మోసుకుంటూ నాడె పోతుంది. తర్వాత అట్ట తిరుగుతుంది. ఉంది, లేదు. ఒకటి, సున్న. 1839లో లియోన్‌లో జకార్ బొమ్మనే పట్టు మీద నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయి. కంప్యూటర్‌కి పూర్వరూపం లాంటి యంత్రాన్ని ఊహించిన చార్లెస్ బాబేజ్ అలాంటి బొమ్మ ఒకటి తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. తన యంత్రానికి లెక్కలు చెప్పడానికి ఆ అట్టలనే వాడాలనుకున్నాడు. ఆ యంత్రం గురించి రాస్తూ గణితం తెలిసిన అడా లవ్‌లేస్ 1843లో దాన్ని జకార్డు మగ్గంతోనే పోల్చింది: మగ్గం పువ్వుల్ని, ఆకుల్ని నేసినట్టు ఇది బీజగణితాన్ని నేస్తుందని. రెండేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివాను. ఆ చదువుకీ మా ఇంటి అటకకీ సంబంధం ఉందని మన క్లాసులో ఎవరూ చెప్పలేదు.

నేస్తున్న పెద్దావిడ దగ్గరికెళ్లి, వచ్చీరాని ఫ్రెంచిలో, మా ఇంట్లో కూడా ఇది ఉందని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ తీసి నాయన నేస్తున్న వీడియో చూపించాను. చప్పుడు పెంచమన్నారు. విని, "బిస్తాంక్లాక్" అన్నారు. ఆ కొండ మీద వాళ్లు మగ్గం చప్పుడుకి పెట్టుకున్న పేరు అది. బిస్తాంక్లాక్, బిస్తాంక్లాక్. తర్వాత ఆమె అడిగిన మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "ఇది మీకు ఇప్పటికీ తిండి పెడుతోందా?" అని అడిగారు. పెడుతోందని చెప్పాను. కష్టంగానే, కానీ పెడుతోందని. ఆమె చాలాసేపు నా చేయి వదల్లేదు. ఒకప్పుడు ఆ కొండంతా వేల మగ్గాలు తిరిగేవి. ఇప్పుడు అక్కడ చేతిమగ్గం చూడాలంటే టికెట్ కొనాలి.

ఆ రోజు నుంచి నా జాబితా తీసేశాను. ఆ ఒక్క పోగు పట్టుకుని ఊరంతా తిరిగాను. నేతగాళ్లు ఎక్కడ ఉండేవాళ్లు, ఏ దారిన నడిచేవాళ్లు, ఏం తినేవాళ్లు. మీరు వెళ్లే ఊళ్లో మీకు దొరికే పోగు వేరే ఉంటుంది. మీ నాన్న లారీ నడుపుతుంటే అది రోడ్డు కావచ్చు, మీ అమ్మ పాలు పోస్తుంటే అది చీజ్ కావచ్చు. మన దగ్గర నుంచి తీసుకెళ్లిన ఒక ప్రశ్న చేతిలో ఉంటే ఊరు దానంతటది తెరుచుకుంటుంది. నాకైతే అలాగే జరిగింది.

ముందు చూసినవాటి గురించి. క్రువా రూస్ ఇళ్లలో పైకప్పులు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటాయి. కిటికీలు నిలువుగా, పొడుగ్గా ఉంటాయి. చూడడానికి అందంగా ఉంటాయని అందరూ ఫొటోలు తీసుకుంటారు. అంత ఎత్తు ఎందుకంటే జకార్డు బిగించిన మగ్గం ఎత్తు అంత. వెలుతురు బాగా పడితే తప్ప సన్నని పట్టు నేయలేరు కాబట్టి అంత కిటికీలు. నేతగాడు, పెళ్లాం, పిల్లలు, పనివాళ్లు అదే గదిలో, మగ్గం పక్కనే వేసిన చిన్న అటక మీద పడుకునేవాళ్లు. మా ఇంట్లో ఇప్పటికీ మగ్గం ఉన్న గదే పెద్దది, మనుషులు పడుకునేది చిన్నది. ఎందుకో నాకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత త్రబూల్లు. ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఇళ్ల మధ్య నుంచి, పెరళ్ల మీదుగా పోయే దారులు. బయటి నుంచి చూస్తే మామూలు తలుపు. తోసుకుని లోపలికెళ్తే చీకటి నడవా, తర్వాత వెలుతురు పడే పెరడు, మెట్లు, మళ్లీ ఇంకో తలుపు, ఇంకో వీధి. పట్టు గుడ్డలు వానకి తడవకుండా ఈ దారుల్లో మోసుకెళ్లేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల మీద పోరాడిన రహస్య దళాల వాళ్లు ఇవే దారుల్లో తప్పించుకున్నారు. కొండ మీద వొరాస్ పెరడు అని ఒకటుంది. అక్కడ ఆరంతస్తుల రాతి మెట్లున్నాయి. అది తప్పక చూడండి. ఒక్క మాట మాత్రం. వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. గట్టిగా మాట్లాడకండి, రాత్రి పూట వెళ్లకండి. మన ఇంటి పంచలోకి ఎవరో వచ్చి సెల్ఫీలు దిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక 1831. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఏమీ అనుకోవద్దు. అప్పట్లో లియోన్‌లో మగ్గం నేతగాడిది, పట్టు షావుకారుది. షావుకారు ముడిపట్టు ఇస్తాడు, డిజైన్ ఇస్తాడు, నేసిచ్చాక గజానికింత అని కూలి ఇస్తాడు. ధర్మవరంవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే తల ఊపుతారు. మన దగ్గర కూలి నేత అచ్చంగా ఇదే. కూలి ఎంతకని కనీసం ఒక రేటు ఖాయం చేయమని లియోన్ నేతగాళ్లు అడిగారు. 1831 అక్టోబరులో రేటు ఒప్పుకున్నారు, తర్వాత కొందరు షావుకార్లు ఆ రేటు ఇవ్వం అన్నారు. నవంబరులో నేతగాళ్లు కొండ దిగారు. నల్లజెండా మీద "పని చేస్తూ బతుకుతాం, లేదా పోరాడుతూ చస్తాం" అని రాసుకున్నారు. కొన్ని రోజుల పాటు ఊరు వాళ్ల చేతుల్లోనే ఉంది. తర్వాత సైన్యం వచ్చింది. 1834లో మళ్లీ లేచారు, ఈసారి వందల మంది చచ్చిపోయారు. ఆ వీధుల్లో నడుస్తుంటే తాత గుర్తొచ్చారు. చీర పట్టుకుని వెళ్లి, అంచులో ఒక చిన్న మచ్చ ఉందని కూలి కోసుకుంటే మాట్లాడకుండా ఇంటికొచ్చిన తాత. వీడియో కాల్‌లో ఈ కథ చెప్తే ఆయన అంతా విని, "వాళ్లకి రేటు వచ్చిందా మరి?" అని అడిగారు. అప్పుడు రాలేదు తాతా అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

సరే, తిండి దగ్గరికి వద్దాం. దానికే కదా అందరూ కూర్చున్నారు.

లియోన్‌ని ఫ్రాన్స్ తిండికి రాజధాని అంటారు. పెద్ద పెద్ద వంటవాళ్ల ఊరు అది. పోల్ బొక్యూస్ అనే పేరున్న వంటవాడి పేరుతో ఒక పెద్ద మార్కెట్టే ఉంది. కానీ ఆ ఊరి అసలు వంట ఆడవాళ్ల చేతిది, పేదవాళ్ల పొయ్యిది. ధనవంతుల ఇళ్లలో వంట చేసిన ఆడవాళ్లు తర్వాత సొంతంగా చిన్న భోజనశాలలు పెట్టుకున్నారు. వాళ్లని "మేర్" అంటారు, అంటే అమ్మ. యూజెనీ బ్రాజియే అనే ఆవిడ చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, పొలం పనులు చేస్తూ పెరిగింది. 1921లో హోటల్ పెట్టింది. 1933లో తన రెండు హోటళ్లకీ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు, అంటే మంచి హోటళ్లకి ఇచ్చే పెద్ద గుర్తింపు, తెచ్చుకుంది. మొత్తం ఆరు. అంతకు ముందు మగవాళ్లలో కూడా ఎవరికీ రాలేదు. బొక్యూస్ కుర్రతనంలో పని నేర్చుకున్నది ఈవిడ వంటింట్లోనే. ఆవిడ హోటల్లో తినే స్థోమత నాకు లేదు. బయట నిలబడి బోర్డు చూసి వచ్చాను. అది కూడా నాకు చాలా బాగుంది.

స్థానిక వంట తినాలంటే బుషోన్ అనే చిన్న హోటళ్లకి వెళ్లాలి. గళ్ల గుడ్డలు పరిచిన బల్లలు, ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత ఇరుకు. పూర్తి భోజనానికి ఇరవై, ముప్ఫై యూరోలు అవుతుంది. విద్యార్థులకి ఇది తక్కువ డబ్బు కాదు. అందుకే నెలకొక్కసారే వెళ్లాను. పర్యాటకుల కోసం బుషోన్ అని బోర్డు పెట్టినవి కూడా చాలా ఉన్నాయి. 2012 నుంచి అసలైన వాటికి ఒక గుర్తింపు ఇస్తున్నారు, తలుపు దగ్గర చూసుకుని వెళ్లండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మెనూ కార్డులో ఒక పేరు చూశాను. సెర్వెల్ ద కనూ. మాటకి మాట అర్థం చెప్పుకుంటే, నేతగాడి మెదడు. నాకు ఒళ్లు మండింది. ఏం పేరు ఇది అనుకున్నాను. వడ్డించే ఆయన్ని అడిగితే, అది మెదడు కాదు, పెరుగు లాంటి తాజా చీజ్ అని చెప్పాడు. గొర్రె మెదడు కొనుక్కోలేని నేతగాళ్లు దానికి బదులుగా తిన్నారు కాబట్టి ఆ పేరంటారు కొందరు. నేతగాళ్లని చులకనగా చూసినవాళ్లు పెట్టిన పేరంటారు ఇంకొందరు. తెప్పించుకున్నాను. మెత్తటి తెల్లని చీజ్‌లో సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, ఉల్లికాడల్లాంటి ఆకులు, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, కొంచెం ఆలివ్ నూనె, కొంచెం వెనిగర్. చల్లగా ఉంటుంది. రొట్టె మీద రాసుకుని తినాలి. మొదటి ముద్దకే అవ్వ చేసే పెరుగుపచ్చడి గుర్తొచ్చింది. మగ్గం గుంటలో కూర్చుని సంగటిలోకి నంజుకునే పెరుగుపచ్చడి. పని మధ్యలో, పొయ్యి వెలిగించకుండా, ఉన్న పాలవస్తువులో ఉన్న ఉల్లిపాయ కలుపుకుని తినడం. అక్కడ నేతగాళ్లూ అదే చేశారు, ఇక్కడ నేతగాళ్లమూ అదే చేస్తున్నాం. ఆ పూట నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేరు మీద కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇంకోటి తబ్లియే ద సపర్. ఆవు పొట్ట భాగాన్ని ఉడికించి, నానబెట్టి, రొట్టె పొడి అద్ది వేయిస్తారు. ఆవుది అని తెలిసి నేను తినలేదు, అది నా ఇంటి అలవాటు. కానీ నాతో వచ్చిన జర్మనీ అబ్బాయి ముఖం చిట్లిస్తే, వాడికి మా బోటి కూర సంగతి చెప్పాను. అనంతపురంలో పుట్టినవాళ్లకి బోటి అంటే, తలకాయ కూర అంటే ముఖం చిట్లించాల్సిన పని లేదు కదా. డబ్బున్నవాళ్లు మంచి కండ తీసుకుపోతే మిగిలిన పేగులు, పొట్ట, తలకాయ ఇంటికి తెచ్చుకుని, కడిగి, గంటల కొద్దీ ఉడికించి రుచి పుట్టించినవాళ్లు మన అవ్వలు. లియోన్ వంటలో సగం అదే. ఆ వంట మీద ఇప్పుడు ప్రపంచమంతా పుస్తకాలు రాస్తోంది. మన బోటి గురించి మనం సిగ్గుపడటం ఎప్పుడు మానేస్తామో అని అప్పుడు అనుకున్నాను.

శాకాహారులు భయపడకండి, కానీ ప్రతిచోటా అడగండి. లియోన్ సలాడ్ అంటే ఆకుకూరే కదా అనుకుంటారు. అందులో పంది మాంసం ముక్కలుంటాయి, గుడ్డు ఉంటుంది. కనెల్ అని మెత్తటి ఉండ ఒకటి, మామూలుగా చేప కలిపి చేస్తారు, సాస్‌లో కూడా మంచినీటి రొయ్యలాంటివి ఉంటాయి. చేప లేనివి కూడా మార్కెట్లో దొరుకుతాయి, అయినా వాటిలో గుడ్డు ఉంటుంది. పాలు, మీగడ పోసి బంగాళాదుంపలు కాల్చేది ఒకటుంది, ఆ చలిలో అంతకన్నా హాయి ఇంకోటి లేదు. సెయింట్ మార్సెలాన్ అనే చిన్న గుండ్రటి చీజ్ కొని చూడండి. గులాబీ రంగు చక్కెర పూసిన బాదం పప్పుల్ని ప్రాలీన్ అంటారు, వాటిని మీగడలో కరిగించి చేసే టార్ట్ ప్రతి బేకరీ అద్దంలోనూ ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. ఫిబ్రవరిలో బ్యూన్య అని వస్తాయి. పిండిని పల్చగా చేసి, కోసి, నూనెలో వేయించి, పైన చక్కెర పొడి చల్లుతారు. మన గవ్వలకి దూరపు చుట్టాలు. నేను బయల్దేరే వారంలో వచ్చాయి, సంచి నిండా కొనుక్కుని రైలెక్కాను.

రోజూ తినడానికి మాత్రం యూనివర్సిటీ క్యాంటీనే. నేనున్నప్పుడు 3 యూరోల 30 సెంట్లకి పూట భోజనం వచ్చేది. క్రువా రూస్ మీద సోమవారం తప్ప రోజూ పొద్దున మార్కెట్ ఉంటుంది. మధ్యాహ్నం కట్టేసే ముందు వెళ్తే కూరగాయలు, పళ్లు బాగా తగ్గించి ఇచ్చేస్తారు. చింతపండు, పప్పులు, బియ్యం గియోతియేర్ పేటలో ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. ఇంకో రెండు సంగతులు. అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ రాత్రి ఏడు దాటాకే చాలా హోటళ్లలో వంటిల్లు తెరుస్తారు. మూడింటికి వెళ్లి ఆకలితో తిరిగొచ్చాను, మీరు వెళ్లకండి. రెండోది, దుకాణంలో అడుగు పెట్టగానే "బోఁజూర్" అనాలి. ధర అడిగే ముందు, ఏమైనా ముట్టుకునే ముందు. మన ఊళ్లో ఎవరింటికైనా వెళ్తే "బాగున్నారా" అనకుండా మంచినీళ్లు అడగం కదా. ఆ ఒక్క మాట అనడం మొదలుపెట్టాక కూరగాయలమ్మే ఆవిడ నాకు కాడలు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తెత్ దోర్ పార్కు చాలా పెద్దది, అందులో జంతువుల్ని చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్షల ముందు అక్కడే చదువుకున్నాను. సైకిళ్లు అద్దెకిచ్చే పద్ధతి 2005లోనే పెట్టారు, చందా కడితే మొదటి అరగంట ఉచితం. లూమియేర్ అన్నదమ్ములు తమ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడాన్ని 1895లో సినిమా తీసింది ఈ ఊళ్లోనే, ఆ వీధి పేరే "మొదటి సినిమా వీధి". సినిమా పిచ్చి ఉన్న తెలుగువాళ్లు అక్కడికి వెళ్లకుండా రాకూడదు. ఆ తొలి బొమ్మలో ఉన్నది పని ముగించుకుని ఇంటికెళ్తున్న ఆడవాళ్లు, మగవాళ్లు. అది నాకు బాగా నచ్చింది.

గిన్యోల్ బొమ్మలాట మాత్రం గబగబా చెప్పను. లొరాన్ ముర్గే అనే నేతగాడికి పని పోయింది. పళ్లు పీకే పనికి దిగాడు. నొప్పితో ఏడ్చేవాళ్లని మరిపించడానికి చేతి తొడుగు బొమ్మలు ఆడించడం మొదలుపెట్టాడు. 1808 ప్రాంతంలో గిన్యోల్ అనే బొమ్మ పుట్టింది. గిన్యోల్ కూడా పట్టు నేతగాడే. షావుకార్లని, పోలీసుల్ని నిలదీస్తాడు. పిల్లల మధ్యలో కూర్చుని చూశాను, మాటలు సగం అర్థం కాలేదు, అయినా కదల్లేదు. మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఇరవై ఏళ్లు అంత దగ్గర్లో ఉండి నేను ఒక్కసారీ అక్కడికి వెళ్లలేదు. లియోన్ నుంచి వచ్చిన రెండో వారమే వెళ్లాను. ఒక ఇంట్లో మేకతోలు మీద సీత బొమ్మకి రంధ్రాలు పొడుస్తున్నారు. దీపం వెలుగు వాటిలోంచి రావాలని. జకార్డు అట్టలు చూసినట్టే చూస్తూ కూర్చున్నాను.

డిసెంబరు 8 గురించి చెప్పి ఆపేస్తాను. 1852లో ఫూర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టాలనుకున్నారు. సెప్టెంబరులో వరదలొచ్చి డిసెంబరుకి వాయిదా పడింది. ఆ రోజు గాలివాన. వేడుక ఆగిపోతుందనుకుంటుండగా వాన వెలిసింది, ఎవరూ చెప్పకుండానే జనం తమ కిటికీల్లో దీపాలు పెట్టారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ పెడుతున్నారు. ఇప్పుడు నాలుగు రాత్రుల పండగ, లక్షల మంది వస్తారు, పెద్ద పెద్ద భవనాల మీద రంగుల బొమ్మలు కదుల్తాయి. అవన్నీ చూశాను. కానీ చివరికి జనం లేని సందుల్లోకి వెళ్లాను. క్రువా రూస్ వాలులో, ఆ పొడుగాటి కిటికీల అడుగున, చిన్న గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు వరసగా. మగ్గాలకి వెలుతురు కోసం కట్టిన కిటికీలు అవి. కార్తీక పౌర్ణమికి మా గుడి మెట్ల మీద పెట్టినట్టే పెట్టారు. దుకాణంలో రెండు గ్లాసులు కొని నా హాస్టల్ కిటికీలోనూ పెట్టాను. రాత్రి పదకొండుకి అమ్మకి వీడియో కాల్ చేశాను. మన దగ్గర తెల్లవారుజాము మూడున్నర. అమ్మ లేచే ఉంది, కండెలు చుట్టుకుంటోంది.

బయల్దేరే ముందు మ్యూజియం పెద్దావిడకి కనిపించడానికి వెళ్లాను. జనవరిలో మన కాలేజీ నుంచి వచ్చిన ఒకమ్మాయి చేత నాయన మా పాత అట్ట ఒకటి పంపించారు. ఇప్పుడు మా ఒక మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు బిగించాం, దాని పాత అట్టలు అటక మీదే ఉన్నాయి. అది ఆమె చేతిలో పెట్టాను. ఆమె కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ చదివారు. "ఇది పువ్వా?" అని అడిగారు. కాదు, తాత వాళ్లు వేసే హంస, దాని మెడ దగ్గరి వరస అని చెప్పాను. లోపలికెళ్లి, చిరిగి పక్కన పడేసిన ఒక అట్ట తెచ్చి నాకు ఇచ్చారు.

అది తెచ్చాను. ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. పక్కన ఉన్నది మా ఇంటిది. ప్రశ్నలడిగేవాళ్లు అడగండి, చూసేవాళ్లు ముందుకొచ్చి చూడండి. అంచుల దగ్గర పట్టుకోండి, మడవకండి. వెలుతురు వైపు పెట్టి చూస్తే బాగా కనిపిస్తుంది.